సినిమాలో పిల్ల పేరు

వరంగల్లు,
16-11-1986, ఆదివారం.

అవ్వకు నీ బిడ్డ పూలమ్మ కాళ్ళు మొక్కి రాస్తున్నది. ఇక్కడ మేమంతా బాగున్నాము. మేమంతా అంటే నేను, రాత్రి తోడు పడుకోవడానికి వచ్చే సోమక్క, నువ్వు పోయేముందు పొదిగేసిన కోడి, దాని ఏడు పిల్లలు. తొమ్మిది అయ్యాయి గానీ రెండింటిని గద్ద ఎత్తుకుపోయింది. భీవండిలో నువ్వు, నర్సయ్య అన్న, వరలక్ష్మి వదిన, బుడ్డోడు అందరూ చల్లగా ఉన్నారని తలుస్తాను.

ముందే ఒక మాట. ఈ ఉత్తరం అన్నతో చదివించుకోకు. నువ్వే చదువుకో. అందుకే మాటకూ మాటకూ మధ్య వేలు పట్టేంత జాగా వదిలి, పెద్ద పెద్ద అక్షరాలతో రాస్తున్నాను. తొందరేమీ లేదు. అన్న మరమగ్గాల సాంచెల మీదికి పోయాక కొంత, వదిన పిల్లవాడికి పాలిచ్చేటప్పుడు కొంత చదువు. వత్తులు వచ్చిన చోట ఆగి ఊపిరి పీల్చుకో. చదువు రాదని వంకలు పెట్టకు. నువ్వూ నేనూ ఒక్క రోజే చదువు మొదలుపెట్టిన వాళ్ళం. టాకీసు గోడ మీది పోస్టరు ముందు నన్ను నిలబెట్టి, సినిమా మిషను నడిపే మొండయ్య మామను బతిమాలి, ఒక్కొక్క అక్షరం చెప్పించుకున్నావు, నాకని చెప్పి నువ్వూ నేర్చుకున్నావు. మనిద్దరం మొట్టమొదట చదివిన మాట ‘నేడే చూడండి’. ఆ తర్వాత నెల రోజుల దాకా ఏ బోర్డు కనబడినా నువ్వు ‘నేడే చూడండి’ అనే చదివేదానివి, రేషను దుకాణం బోర్డుతో సహా.

ఇక నువ్వు అడిగినవాటికి జవాబులు. మొన్నటి వానకు ఇల్లు కురవలేదు. వంటింటి మూల రెండు పెంకలు జరిగితే సోమక్క కొడుకు ఎక్కి సర్దాడు. దగ్గు తగ్గింది. అన్నం రెండు పూటలా వండుకుంటున్నాను, పొద్దుటిది రాత్రికి తింటున్నానని నీకు ఎవరు చెప్పారో వాళ్ళ నోట్లో మన్ను పడ. టాకీసులో లేడీస్ గేటు దగ్గర నీ జాగాలో సుగుణను నిలబెట్టారు. మంచిదే గానీ దానికి మొహమాటం ఎక్కువ. మొన్న ఒకామె మూతి మీద మీసం మొలుస్తున్న కొడుకును కూడా ‘చంటిపిల్లగాడు’ అని టికెట్టు లేకుండా లోపలికి తోలిందట. నువ్వుంటేనా, వాణ్ణి అక్కడే నిలబెట్టి ‘ఏదీ, ఒళ్ళె కూసోవెట్టుకోని చూపియ్యి’ అనేదానివి. మేనేజరు సారు కూడా నువ్వెప్పుడు వస్తావని అడిగాడు. నెల నిండాక వస్తావని చెప్పాను.

ఇక నీ ఉత్తరం చివర అన్నతో రాయించిన ముచ్చట. అన్న నువ్వు చెప్పింది చెప్పినట్టే రాశాడు. నీ గొంతు వినబడ్డది. దాన్ని మళ్ళీ ఇక్కడ రాస్తున్నాను, నువ్వు ఏం అన్నావో నీకు గుర్తుండాలని.

‘మనుమన్ని ఎత్తుకున్నకాడి సంది నాకు ఒకటే రంది పట్టుకున్నది బిడ్డా. వీడు గింత ఏడిస్తెనే వరలక్ష్మి పాణం ఆగుతలేదు. నిన్ను కన్నతల్లి నీకోసం ఎంత ఏడ్సిందో. గీ గల్లీల ఒక బెంగాలామె ఉంటది. ఆమె బిడ్డ నీళ్ళకు ‘జోల్, జోల్’ అంటాంటె నా గుండె ఆగినట్టైంది. నీకు జెరమొచ్చినప్పుడు నువ్వు అదే కలవరించినవు. ఠాణల సారు పదిరోజులాగి మల్ల రమ్మన్నడు, నేను పోలె. పోతె నిన్ను గుంజుకుంటరని పోలె. నీ తల్లి ఆడికచ్చి అడిగిందో ఏమో. ఆ పాపం నాదే. నేనచ్చినంక ఇద్దరం కాగజ్‌నగరం పోదాం. ఆడ బెంగాలోల్ల కాలనీ ఉన్నదట. నీ తల్లి దొరికితె కాళ్ళ మీద పడి నిన్ను అప్పజెప్త. నీకేమన్న యాదికుంటె రాయి.’

ఇది చదివి రెండు రోజులు నాకు అన్నం సహించలేదు. పదిహేనేళ్ళుగా నువ్వు ఇంత బరువు మోస్తున్నావని నాకు తెలియదు. ‘ఠాణకు పోయిన, రాయించిన, ఎవ్వలు రాలె’ అని నలుగురిలో ధైర్యంగా చెప్పేదానివి. రెండోసారి పోలేదని ఇప్పుడు చెప్పావు, అదీ మనవణ్ణి ఒళ్ళో పెట్టుకొని, అన్న చేత రాయించి.

నీ ప్రశ్నకు నా దగ్గర జవాబు ఉన్నది. అది రాయడానికే ఈ ఉత్తరం. కానీ అది రాసే ధైర్యం నాకు నిన్ననే వచ్చింది, అదీ ఒక సినిమా వల్ల. కాబట్టి ముందు ఆ సినిమా ముచ్చట విను. నువ్వు చదవడం మధ్యలో ఆపి చివరి కాగితం తీస్తావని నాకు తెలుసు. తియ్యకు.

బాలల దినోత్సవం అని నిన్న పొద్దున మన టాకీసులో బడి పిల్లలకు ఒక సినిమా వేశారు. హనుమకొండ నుంచి మా బడి పిల్లలను రెండు బస్సుల్లో తెచ్చాము. ఇంకో మూడు బడుల వాళ్ళు కూడా వచ్చారు. లేడీస్ బెంచీల నుంచి వెనక కుర్చీల దాకా అంతా పిల్లలే. సినిమా బెంగాలీది. ఆ సంగతి అక్కడికి పోయేదాకా మా ఎవరికీ తెలియదు. కింద ఇంగ్లీషు అక్షరాలు పడతాయి గానీ నాలుగో తరగతి పిల్లలకు అవేం పనికొస్తాయి? అందుకని మేనేజరు సారు మొండయ్య మామకు తెలుగులో కథ అచ్చేసిన కాగితం ఒకటి ఇచ్చి, మిషను నడుపుతూనే మైకులో చదవమన్నాడు. ‘సైకిళ్ళు స్టాండులోనే పెట్టుండ్రి’ అని చెప్పే మైకు ఉన్నది కదా, అదే.

మామ సంగతి నీకు తెలియనిదా. మైకు దొరికితే చాలు. గొంతు సవరించుకొని ‘ప్రియమైన బాలబాలికలారా, ఇది ఒక దిక్కులేని బాలిక దీనగాథ’ అని మొదలుపెట్టాడు. ఊరు కాలిపోవడం, పిల్ల చెయ్యి తల్లి చేతిలోంచి గుంపులో జారిపోవడం, పడవలో సరిహద్దు దాటడం దాకా బాగానే చదివాడు. అక్కడికి కాగితం అయిపోయింది. ఆ కాగితాలు ఎప్పుడైనా కథ మొత్తం చెప్పాయా? చివర ‘అటుపిమ్మట ఏమి జరిగినదో వెండితెరపై చూడగలరు’ అని అచ్చేసి ఉంటుంది. మామ ఆ ముక్క కూడా మైకులో చదివేశాడు. తెర మీద ఇంకా ముప్పావు సినిమా ఉన్నది.

మామ ఊరుకుంటాడా. సొంత కథ మొదలుపెట్టాడు. మరమరాలు అమ్మే ఒక ముసలామె వస్తే ‘గీమె సవతితల్లి గావచ్చు, జూడుండ్రి ఎట్ల జూస్తాందో’ అన్నాడు. డాక్టరు వస్తే దొంగల నాయకుడన్నాడు. పిల్లలు పడీ పడీ నవ్వారు. నేను కూడా నవ్వాను, అబద్ధం ఎందుకు.

నవ్వుతూనే ఉన్నాను గానీ తెర మీద వాళ్ళు మాట్లాడుకునే మాటలు ఒక్కొక్కటీ నాకు అర్థమవుతున్నాయి. మొదట్లో భయం వేసింది. తర్వాత అలవాటైంది. పదిహేనేళ్ళలో ఆ భాష నాతో మాట్లాడినవాళ్ళు ఒక్కరు లేరు. అయినా మాటలు అలాగే ఉన్నాయి.

కాందిశీకుల శిబిరంలో ఆ పిల్లను వరుసలో నిలబెట్టి పేరు అడుగుతారు. ఒక చోట ఒక పేరు చెబుతుంది, ఇంకో చోట ఇంకో పేరు. అసలు పేరు ఎవరికీ చెప్పదు. ఎందుకంటే పేరు రాయించుకున్న వాళ్ళను లారీ ఎక్కించి ఎటో తీసుకుపోవడం అది చూసింది. ఒక తెల్లవారుజామున ముళ్ళతీగ కింద పాకి బయటపడుతుంది. నదికి పోయే దారి పట్టుకొని ఒక్కతే పోతుంది. ఎవరు చెయ్యి చాచినా వెనక్కి జరుగుతుంది. ఆ మరమరాల ముసలామె మాత్రం పేరు అడగదు, ఊరు అడగదు. రేవు దగ్గర తన గుడిసెలో రొట్టెలు పెట్టి తన పని తాను చేసుకుంటుంది. పిల్ల సగం తిని, మిగిలిన రొట్టెలు రెండు పాతగుడ్డలో మూటకట్టి చూరులో దోపుతుంది. అప్పుడు మామ మైకులో అన్నాడు: ‘చూసిండ్రా పిల్లలూ, అన్నం పెట్టిన ఇంట్లనే దొంగతనం. దొంగ పిల్ల.’

హాలంతా ‘దొంగ, దొంగ’ అని అరిచింది. పిల్లలు కదా, వాళ్ళకు ఆట. నాకు కాదు. ఎప్పుడు లేచానో తెలియదు, లేచి నిలబడి అరిచాను.

‘దొంగ కాదు మామా. రేపటికి దాసుకుంటాంది.’

మామ మైకులోనే అడిగాడు. ‘ఎవలది? నీకెట్ల ఎరుక?’

‘ఆ పిల్లనే చెప్తాంది. ఇది రేపటికి, ఇది ఎల్లుండికి అంటాంది.’

అవ్వా, నువ్వు గుర్తు చేసుకో. నేను వచ్చిన కొత్తలో నువ్వు పెట్టిన జొన్నరొట్టెల్లో సగం తిని, సగం లేడీస్ బెంచీల వెనక గోడ పగులులో దాచేదాన్ని. చీమలు పట్టేవి. నీకు తెలియదనుకున్నాను. ఒకనాడు పోయి చూస్తే ఆ పగులు ముందు మూతగల డబ్బా ఒకటి పెట్టి ఉన్నది. నువ్వు ఆ సంగతి నాతో ఎన్నడూ మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు. రొట్టెలు డబ్బాలో దాచడం మొదలుపెట్టాను. తర్వాత ఎప్పుడు దాచడం మానేశానో నాకే గుర్తు లేదు. అటువంటి నన్ను ఎదురుగా పెట్టుకొని ఆ పిల్లను దొంగ అంటే ఎట్లా ఊరుకుంటాను చెప్పు.

మామ గొంతు గుర్తుపట్టాడు. ‘గా అన్నది పూలమ్మ టీచరేనా? పైకి రా బిడ్డా. నాకు నోరు ఎండుకపోయింది’ అన్నాడు. మెట్లెక్కి మిషను గదిలోకి పోయాను. మైకు నా చేతికి ఇచ్చి ఆయన మిషనులో వెలుగుకు కాల్చే బొగ్గుకడ్డీలు చూసుకోవడంలో పడ్డాడు. నేను గోడలోని కంతలోంచి తెరను చూస్తూ, వాళ్ళు అన్న మాట అన్నట్టు తెలుగులో చెప్పుకుంటూ పోయాను. ఒకటి రెండు మాటలు తెలియలేదు, మింగేశాను. మిగతావన్నీ వచ్చాయి. కింద ఒక్క పిల్ల కూడా కిక్కురుమనలేదు. మా బడిలో ఎన్నడైనా వాళ్ళు అంత బుద్ధిగా విని ఉంటే ఈపాటికి కలెక్టర్లు అయ్యేవాళ్ళు.

చివర ఏమైందంటే, ముసలామె స్టీమరు రేవులో గంప దించుకొని కూర్చుంటుంది. పిల్ల పక్కన కూర్చుంటుంది. ఆమె ఏమీ అడగదు. చాలాసేపటికి పిల్ల తనంతట తానే ఆమె చెవి దగ్గరికి పోయి తన పేరు చెబుతుంది. సరిగ్గా అప్పుడే స్టీమరు కూత వేస్తుంది. పేరు మనకు వినబడదు. ముసలామెకు వినబడింది, ఆమె నవ్వుతుంది. సినిమా అయిపోయింది. తీసినవాడు ఎవరో గానీ కావాలనే అట్లా తీశాడు.

పెద్దవాళ్ళయితే ఊరుకునేవాళ్ళేమో. పిల్లలు ఊరుకుంటారా. లైట్లు వెలగగానే అందరూ వెనక్కి తిరిగి మిషను గది కేసి చూస్తూ ఒకటే అరుపులు. ‘టీచర్, ఆ పిల్ల పేరేంది? పేరు ఇనవడలె. పేరు చెప్పు టీచర్.’ మా తరగతిలో అరుణ అని ఒకతె ఉన్నది, జవాబు చెప్పేదాకా వదలదు. అది బెంచీ ఎక్కి మరీ అడుగుతున్నది.

మైకు ఇంకా నా చేతిలోనే ఉన్నది. ‘పేరు వినబడలేదు పిల్లలూ’ అంటే అయిపోయేది. నేను అట్లా అనలేదు.

‘ఆ పిల్ల పేరు ఝర్నా’ అన్నాను.

సినిమాలో ఆ మాట లేదు. అది నా పేరు.

పిల్లలు చప్పట్లు కొట్టారు. బస్సు ఎక్కేదాకా ‘ఝర్నా, ఝర్నా’ అనుకుంటూ పోయారు. హెడ్‌మాస్టర్ కిషన్ రావు సారు ‘బెంగాలీ ఎక్కడ నేర్చుకున్నావమ్మా’ అని అడిగితే రేడియోలో అన్నాను. నమ్మాడో లేదో, పిల్లలను లెక్కపెట్టుకుంటూ పోయాడు.

మామ నమ్మలేదు. పిల్లలను బస్సు ఎక్కించి, గొడుగు మరిచిపోయానని నేను మళ్ళీ పైకి పోతే ఆయన రీలు చేత్తో వెనక్కి చుడుతూ ఉన్నాడు. నా వైపు చూడలేదు.

‘నీకు అన్ని యాదికున్నయి’ అన్నాడు.

‘ఉన్నయి మామా.’

‘మీ అవ్వ యాకమ్మకు ఎరుకేనా?’

‘ఎరుక లేదు.’

రీలు చుట్టడం పూర్తిచేశాడు. తర్వాత డబ్బా మూత పెట్టి అన్నాడు. ‘పదిహేనేండ్లు నిన్ను కండ్లల్ల వెట్టుకోని సాదింది. మూగపిల్ల అని అందరంటాంటె ఎన్ని ముడుపులు కట్టిందో నాకెరుక. ఆమెకు చెప్పక నాకు చెప్తవా?’

‘భయమైతాంది మామా. ఇన్నేండ్లు ఎందుకు దాసినవంటె ఏం చెప్పాలె?’

‘ఏమన్న చెప్పు. ఎనిమిది రోజులు జూస్త. వచ్చే ఆదివారం మా పోశయ్య భీవండి పోతాండు. నువ్వు రాయకుంటె ఆనితోని నేనే చెప్పిపంపుత. నా నోరు నీకెర్కనే కదా.’

మామ నోరు నాకు తెలుసు, నీకు ఇంకా బాగా తెలుసు. అదీ సంగతి. పోశయ్య నోటి ద్వారా ఈ ముచ్చట నీకు తెలిస్తే నాకు ఇక మొఖం ఉండదు. అందుకే పొద్దున లేచి తలస్నానం చేసి, ఈ కాగితాలు ముందు పెట్టుకున్నాను. ఇప్పుడు చెప్పేది జాగ్రత్తగా, ఒక్కొక్క మాట వేలు పెట్టి చదువు.

మొదటి మాట. నన్ను కన్నతల్లి లేదు. నేను ఇక్కడికి రాకముందే పోయింది. సినిమాలో లాగానే మా ఊళ్ళో ఇళ్ళు కాలాయి. మా నాన్న పడవ నడిపేవాడు, ఆ గొడవల్లో ఆయన ఏమయ్యాడో తెలియలేదు. అమ్మా నేనూ నడిచి సరిహద్దు దాటి వచ్చాం. శిబిరంలో వాంతులు, భేదులు పట్టుకొని రెండు రోజుల్లో పోయింది. నేను పక్కనే ఉన్నాను. నీళ్ళు నేనే తాగించాను. జ్వరంలో నేను కలవరించిన ‘జోల్’ అదే. ఏ తల్లీ ఠాణకు వచ్చి నన్ను అడగలేదు అవ్వా. నువ్వు రెండోసారి పోకపోవడం వల్ల ఏ తల్లికీ అన్యాయం జరగలేదు. ఈ ముక్క మళ్ళీ ఒకసారి చదువు.

రెండో మాట. ఇది చెప్పడం కష్టం. నేను తప్పిపోలేదు. దాక్కున్నాను.

అమ్మ పోయాక మా నాన్న తమ్ముడు హరి కాకా నన్ను తనతో తెచ్చుకున్నాడు. ఆయన, ఆయన భార్య కాకీమా, వాళ్ళ పిల్లలు ముగ్గురు. కాగజ్‌నగరంలో జాగాలిస్తారంటే రైలెక్కాము. కాకా నన్ను ఒక్కనాడు కొట్టలేదు. తన పిల్లలకు పెట్టి, నాకు పెట్టి, మిగిలితే తినేవాడు. విజయవాడ దాటాక నేను నిద్రపోయాననుకొని కాకీమా ఏడుస్తూ ఆయనతో అన్నది. వాళ్ళ కార్డు మీద ఐదుగురి పేర్లే ఉన్నాయట. బియ్యం ఐదుగురికే ఇస్తారట. ఆరో మనిషికి ఎవరి ముద్దలోంచి తియ్యాలి అని. తిట్టలేదు. అడిగింది, అంతే.

నాకు అప్పుడు ఎనిమిదేళ్ళు. నేను లేకపోతే వాళ్ళు ఐదుగురే కదా అనుకున్నాను. ఇప్పుడు మా తరగతిలో ఎనిమిదేళ్ళ పిల్లలను చూస్తే, ఇంత చిన్న తలకాయలో అటువంటి ఆలోచన ఎట్లా పుట్టిందా అనిపిస్తుంది. బండి వరంగల్లులో ఆగింది. నీళ్ళు తెస్తానని చెంబు పట్టుకొని దిగాను. ప్లాటుఫారం మీద మిర్చి బస్తాలు వరుసగా పేర్చి ఉన్నాయి. వాటి వెనక కూర్చున్నాను. బండి కూత వేసింది. కాకా తలుపులో నిలబడి నన్ను పిలిచాడు. ‘ఝర్నా’ అని మూడుసార్లు పిలిచాడు. మూడోసారి పిలిచేటప్పటికి బండి కదిలింది, ఆయన సగం బయటికి వేలాడుతున్నాడు. నేను మిర్చి ఘాటుకు తుమ్ము రాకుండా ముక్కు రెండు చేతులా మూసుకొని కూర్చున్నాను. పలకలేదు.

ఆ తర్వాతిది నీకు తెలుసు. టాకీసు మైకులో పాట వినబడింది. అటు పోయాను. గేటు దగ్గర ఆడవాళ్ళ గుంపు తోసుకుంటుంటే ఎవరి కొంగో పట్టుకొని లోపలికి పోయాను. నువ్వు ఎవరి పిల్లనో అనుకున్నావు. మ్యాట్నీ అయిపోయి అంతా పోయాక బెంచీ కింద దొరికాను. నువ్వు నన్ను బయటికి లాగలేదు. నువ్వు కూడా కింద కూర్చొని నీ సద్ది విప్పి సగం ఇటు జరిపావు. నేను తిన్నాక అడిగావు పేరేమిటని. అప్పుడు చెప్పి ఉండాల్సింది.

చెబితే ఠాణలో రాయించి మళ్ళీ రైలెక్కిస్తారని భయపడ్డాను. అందుకే మూగదానిలాగా ఉన్నాను. నువ్వు నా గౌను మీది పూలు చూసి పూలమ్మ అన్నావు. ఆ పేరుకు పలకడం మొదలుపెట్టాను, తెలుగు వచ్చాక మాట్లాడాను, వెనకటివి అడిగితే గుర్తు లేవన్నాను. పెద్దదాన్నయ్యాక చెప్పాలనుకున్నాను. కానీ నువ్వు వచ్చినవాళ్ళందరికీ ‘పేరు సుత లేకుంట అచ్చింది, దేవుడు నాకోసమే పంపిండు’ అని మురిసిపోతూ చెప్పేదానివి. ఆ మురిపెం చూసి నోరు పెగల్లేదు. రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకుంటూ పదిహేనేళ్ళు అయ్యాయి. నిన్ను నమ్మలేక కాదు. నిన్ను నమ్మి ఎన్నో ఏళ్ళయింది. అబద్ధం పాతబడితే విప్పడం కష్టమవుతుందని నీకు నేను చెప్పాలా, నువ్వు మాత్రం ఠాణ సంగతి ఇన్నేళ్ళు దాచలేదూ? నువ్వు రెండోసారి పోలేదు, నేను మూడోసారికీ పలకలేదు. ఇద్దరికిద్దరం సరిపోయాము.

కోపం వస్తే తిట్టు. అన్నతో రాయించకుండా నీ చేత్తో తిట్లు రాసి పంపితే దాచుకుంటాను, తప్పులు దిద్దను. ఏడవకు మాత్రం. వదిన బాలింత, ఆమె ముందు ఏడిస్తే ఆమెకు మంచిది కాదు.

నాకు ఇప్పుడు ఎంత తేలికగా ఉన్నదో చెప్పలేను. ఉద్యోగం ఉన్నది, ఇల్లు ఉన్నది, నువ్వున్నావు, అన్నా వదినా ఉన్నారు. నిన్న మైకులో ఆ పేరు నా నోటితోనే బయటికి వచ్చాక, ఇంటికి వచ్చి కడుపునిండా అన్నం తిన్నాను. సోమక్క కూడా ‘ఇయ్యాల ఏందే ఇట్ల నవ్వుతానవు’ అన్నది. నాకు కొరత ఏమీ లేదు. రంది మాత్రం ఒకటి ఉన్నది, అది కాకా. ఆయన చెడ్డవాడైతే నాకు రంది ఉండకపోను. తన అన్న కూతుర్ని పోగొట్టుకున్నానని ఆయన ఈనాటికీ కుమిలిపోతూ ఉంటాడు. తలుపులో వేలాడుతూ పిలిచిన మనిషి మరిచిపోతాడా?

కాబట్టి నువ్వన్నట్టే కాగజ్‌నగరం పోదాం. నన్ను అప్పజెప్పడానికి కాదు. నేను బతికే ఉన్నానని, చదువుకున్నానని, ఆయన నన్ను పోగొట్టుకోలేదని, నేనే దాక్కున్నానని చెప్పి రావడానికి. పొద్దున పోయి సాయంత్రానికి వచ్చే బండి ఉన్నది, అడిగి తెలుసుకున్నాను. ఆయన దొరికితే మన ఇంటికి రమ్మని చెబుదాం. దొరకకపోతే నాలుగు రోజులాగి మళ్ళీ పోదాం. నువ్వు నా పక్కన ఉంటే నాకు ఎక్కడికి పోవాలన్నా భయం లేదు. నన్ను ఎవరో గుంజుకుంటారని నువ్వు ఇక భయపడకు. ఇరవై మూడేళ్ళ గాడిదను ఎవరు గుంజుకుంటారు చెప్పు.

ఒక్కటే అడుగుతాను అవ్వా. నువ్వు ఏ రోజు బయలుదేరేదీ ముందే రాయించు. సికింద్రాబాదులో బండి మారేటప్పుడు మూటలు జాగ్రత్త. నేను వరంగల్లు స్టేషనుకు వస్తాను. బండి దిగాక నేను కనబడినా సరే, చూడనట్టే ఉండి, ఒక్కసారి నన్ను ఆ పేరుతో పిలువు. ఆ మొదటి అక్షరం నీకు రాదు, మన పోస్టర్ల మీద అది ఎక్కడా లేదు. ‘జర్నా’ అన్నా చాలు. ఒక్కసారే, తర్వాత ఎప్పటిలాగే పూలా అందువు గాని.

ఈసారి దాక్కోను. మొదటి పిలుపుకే పలుకుతాను.

ఇట్లు,
నీ బిడ్డ
పూలమ్మ.